పనస మాను వీణయ్యేదాకా

(ముందుమాట)

తెలుగులో సంగీతం మీద పుస్తకాలకేం తక్కువ లేదు. విద్వాంసుల జీవితాలు, సభల ముచ్చట్లు, శిష్యుల జ్ఞాపకాలు పోగేస్తే బీరువా నిండుతుంది. ఈమని శంకరశాస్త్రి గారి వాదన గురించి, ఆయన శిష్యుడు చిట్టిబాబు గారి మీటు గురించి నేనే బోలెడు వ్యాసాలు చదివాను. ఆ వాయించిన వీణ ఎవరు చేశారు, ఏ చెట్టుది, ఎన్నాళ్లు ఆరబెట్టారు అని రాసినవాళ్లు మాత్రం నా కంటపడలేదు. వాయించినవాడికి శాలువా, చేసినవాడికి కూలి. ఈ రెండో మనిషి గురించి ఒక పుస్తకం వస్తే చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. అది నా దగ్గర సరళీ స్వరాలు నేర్చుకున్న పిల్ల చేతి మీదుగా రావడం నా అదృష్టం.

రచయిత్రి మా కంకిపాడు అమ్మాయే. గీతాలు దాటి వర్ణాల్లోకి వచ్చేసరికి ఇంటర్మీడియట్ వచ్చిపడింది. మా బందరు రోడ్డు పొడుగునా పిల్లల సంగీతం ఆగిపోయేది సరిగ్గా అక్కడే. ఇంజనీరింగులో గిటారు పట్టింది, ఉద్యోగంలో కుదురుకున్నాక మళ్లీ వీణ మీదికి మనసు మళ్లింది. గిటారు పొద్దున కొట్లో కొని సాయంత్రానికి వాయించిన మనిషి కదా, వీణా అలాగే వస్తుందనుకుని నూజివీడు వెళ్లింది. "ముందు కర్ర దొరకాలమ్మా, తర్వాత అది ఆరాలి, ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నారట అక్కడ వీణలు చేసే సాయిబు గారు. పుస్తకమంతా ఆ "తర్వాత" లోనే నడుస్తుంది.

నూజివీడు 2022 జిల్లాల విభజనలో ఏలూరు జిల్లాకు పోయింది గానీ, మా వయసువాళ్ల నోట ఇంకా కృష్ణా జిల్లాయే. రసాల కోసం ఆ ఊరు వెళ్లేవాళ్లలో వీణ సంగతి ఎందరికి తెలుసో నాకు అనుమానమే. సరస్వతీదేవి ఒళ్లో చూసే ఈ వాద్యాన్ని అక్కడ ముస్లిం ఇంట్లో తయారుచేస్తారు. ఇక బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరువాళ్లు తరాలుగా వీణలు చేస్తున్నారు. రెండుచోట్లా పనసే. తేలిగ్గా ఉంటుంది, నాదం బాగా పలుకుతుంది, చెద అంత సులువుగా ముట్టుకోదు. గుండ్రటి కుండ, పొడవాటి దండి అతుకు లేకుండా ఒకే మాను నుంచి తీస్తే అది ఏకాండి వీణ. బొబ్బిలికి పేరు తెచ్చింది అదే.

ఈ అమ్మాయి కోసం తెచ్చిన మొదటి మానును కోసి చూస్తే లోపల ముడి ఉందట. పైకి నున్నగానే ఉంది, కొనేవాళ్లకు తెలిసే అవకాశమూ లేదు. సాయిబు గారు దాన్ని పక్కన పడేశారు. ఇంకో మాను దొరికేసరికి వానలు పట్టుకున్నాయి, తడిగాలిలో కర్ర ఆరదు. ఇక్కడ రచయిత్రి తన విసుగును దాచుకోలేదు. వారం వారం ఫోన్ చేయడం, "ఆరుతోందమ్మా" అన్న ఒకే జవాబు వినడం, అన్నీ రాసింది. అయితే ఆ విసుగు దగ్గర ఆగిపోలేదు. పచ్చికర్రను తొందరపడి తొలిస్తే ఆరేటప్పుడు వంకర పోతుందని, కుండ గోడ ఒకచోట మందం ఒకచోట పలచన అయితే తీగల బిగువు ఓర్చుకోలేక చిట్లుతుందని పనివాళ్ల పక్కన కూర్చుని తెలుసుకుంది. బాడిసతో పెద్ద చెక్కు తీసిన చెయ్యే చివరకు ఉలితో ఎంత సన్నంగా గీకుతుందో, మధ్యమధ్యలో వేలితో తట్టి ఎలా వింటుందో రాసిన పేజీలు ఈ పుస్తకానికి ప్రాణం. చదువుతుంటే ఎదురుచూసేది ఆమె ఒక్కతే కాదని, కర్ర కోసం సాయిబు గారూ ఎదురుచూస్తున్నారని అర్థమవుతుంది.

గిటారు తెలిసిన పిల్ల కాబట్టి పోలికలు బాగా పట్టుకుంది. గిటారు మెట్లను లెక్క ప్రకారం చెక్కలో గాడి కోసి దిగ్గొడతారు. వీణ మెట్లను మైనంలో నిలబెడతారు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి దండి మీద రెండు వరసల గట్టుగా పోసి, ఇరవై నాలుగు మెట్లను ఒక్కొక్కటే తీగ మీటి వింటూ, వెంట్రుకవాసి జరుపుతూ అమరుస్తారు. మేళం కట్టడమంటే అదే. తంజావూరును ఏలిన మన తెలుగు నాయకరాజు రఘునాథుడి కాలంలో, అంటే 17వ శతాబ్దం తొలినాళ్లలో, ఇరవై నాలుగు మెట్లు స్థిరపడ్డాయని సంగీత చరిత్రకారులు చెబుతారు. అంతకుముందు రాగం మారితే మెట్లు జరుపుకోవలసి వచ్చేది. స్థిరపడ్డాయనేది పుస్తకాల మాటే సుమా. రోహిణి కార్తెలో బెజవాడ ఎండకు మైనం మెత్తబడి మెట్టు కాస్త ఒరిగితే రఘునాథ నాయకుడు కూడా చేసేదేం లేదు, మళ్లీ మేళం కట్టించుకోవలసిందే. వీణను కారులో వదిలి పెళ్లి భోజనానికి వెళ్లే శిష్యులకు ఈ అధ్యాయాన్ని విడిగా అచ్చువేసి పంచుదామనుకుంటున్నాను.

స్పెయిన్ సంగతి కూడా ఒకటి తెచ్చింది, నాకు కొత్త. నేటి గిటారు రూపం దిద్దిన ఆంటోనియో దె టోర్రెస్, నాదమంతా పైపలకలోనే ఉందని రుజువు చేయడానికి 1862లో వెనకా పక్కలా కాగితపు గుజ్జుతో ఒక గిటారు చేశాడట. మన వీణకు పైన తగిలించే సొరకాయ బుర్ర కూడా ఇప్పుడు చాలాచోట్ల కాగితపు గుజ్జుదే. దాన్ని చూసి మోసమని గొణిగే సంప్రదాయవాదులు నాకు తెలుసు. వాళ్లు ఈ పేజీ రెండుసార్లు చదవాలి.

పుస్తకంతో నాకు పేచీలూ ఉన్నాయి. ధర గురించిన అధ్యాయం సాగదీసింది. దానికి బదులు తీగలు ఆనే గుర్రం గురించి ఇంకో నాలుగు మాటలు రాయాల్సింది. దాని మీది లోహపు రేకును ఆకురాయితో ఎంత అరగదీయాలన్నదే నాదాన్ని నిర్ణయిస్తుంది, ఆ పని చూస్తూ కూడా ఒక్క వాక్యంతో దాటేసింది. ఫోన్ సంభాషణల్లో సగం తీసేసినా నష్టం లేదు.

వీణ వచ్చిన రోజు గురించి తక్కువ రాసింది, అది నాకు నచ్చింది. నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్, గన్నవరం మీదుగా వెనకసీట్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, ఇంటికి కూడా పోకుండా నా దగ్గరికి వచ్చింది. సారణి తీగ మీటి చూశాను. గొంతు ఇంకా బిగుసుకునే ఉంది. కొత్త వీణ అలాగే ఉంటుంది, సాధన చేసేకొద్దీ విప్పుకుంటుంది. మంద్రంలో మాత్రం అప్పుడే నిండుదనం ఉంది. మధ్యస్థాయిలో ఒక మెట్టు నా చెవికి కొంచెం ఎక్కువ పలికింది. అది చెబితే ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. అక్కడే సాయిబు గారికి ఫోన్ చేసింది. "టీచరు గారు చెప్పారా? అయితే నేనే వస్తానమ్మా, వీణను కదిలించకండి" అన్నారాయన. అన్నట్టే బస్సెక్కి, మైనం ముద్ద సంచిలో వేసుకుని కంకిపాడు వచ్చారు. మా ఇంట్లో కూర్చుని నేను తీగ మీటుతుంటే ఆయన మెట్టు జరిపారు. ఎక్కడ ఆపాలన్నదాని మీద మా ఇద్దరికీ కాసేపు వాదన కూడా జరిగింది. ఈ సంగతి పుస్తకంలో లేదు, అచ్చుకు పంపాక జరిగింది. రెండో ముద్రణలో చేర్చమని రచయిత్రికి చెప్పాను. వాదనలో నెగ్గింది ఆయనేనని కూడా రాయమన్నాను.

ఆశీస్సులతో,
వీణ టీచరు, కంకిపాడు