కృత్తివాసుడు: శివుని చర్మాంబరమును గూర్చిన కథాభేదములు

అమరకోశము శివునకు చెప్పిన నామములలో కృత్తివాసశ్శబ్ద మొకటి. కృత్తి యనగా చర్మము; అది వస్త్రముగా గలవాడు కృత్తివాసుడు. ఈ వ్యుత్పత్తిలో ఏనుగు లేదు, పులి లేదు, సింహము లేదు. అయినను ఈ పదము పద్యమున కనబడినంతనే ‘గజాసురుని జంపి వాని చర్మమును ధరించినవాడు’ అని టిప్పణము వ్రాయుట మనలో వాడుకయైనది. ఆ పద్యమే కొంత ముందునకు సాగి పులితోలును బేర్కొన్నచో వ్యాఖ్యాత చిక్కున బడును. శివుడు కట్టినది ఏనుగు తోలా, పులి తోలా? రెండును అగునేని ఏ కథ ప్రమాణము?

ఈ ప్రశ్నకు మనవారు సాధారణముగా రెండు సమాధానములలో నొకదానిని చెప్పుచుందురు. మొదటిది పౌరాణికులది: ఒక కల్పమున నట్లు జరిగినది, మరియొక కల్పమున నిట్లు జరిగినది అని. రెండవది ఆధునిక పరిశోధకులది: ఒక కథ మూలము, తక్కినవి ప్రక్షిప్తములు అని. మొదటిది విచారణను ప్రారంభింపకమునుపే ముగించును. రెండవది ప్రారంభించును గాని, ఒక్క సాక్షిని నిలిపి తక్కినవారినందరిని సభనుండి వెడలగొట్టును. ఈ రెండును సరికావనియు, చర్మము కథకంటె ప్రాచీనమనియు, కథలు ఆ చర్మమును గూర్చి వేర్వేరు చోట్ల వేర్వేరు ప్రయోజనములతో పుట్టిన సమాధానములనియు మా అభిప్రాయము. దానిని స్థాపించుటకే ఈ వ్యాసమున యత్నించుచున్నాము.

మొదట వేదమును జూతము. యజుర్వేదమునందలి శతరుద్రీయము రుద్రుని చర్మము ధరించి, పినాకము చేతబూని రమ్మని ప్రార్థించుచున్నది. అది ఏ మృగము చర్మమో అచట చెప్పబడలేదు. దానికై యెవరిని జంపెనో అంతకంటె చెప్పబడలేదు. ఆ స్తుతియందు రుద్రుడు అరణ్యములకును, కొండలకును, త్రోవలకును అధిపతి. అట్టివానికి చర్మము సహజవేషము. సహజమైన దానికి కథ అక్కరలేదు. కొంతకాలమునకు ఆ వేషము వింతగా దోచిన సమాజమున, ఇది యెందుకని అడుగువా రేర్పడిన పిదపనే కథకు అవకాశము కలుగును.

శిల్పము దీనికి మరియొక చిత్రమైన సాక్ష్యము నిచ్చుచున్నది. తిరుపతికి సమీపమునగల గుడిమల్లమునందలి లింగము క్రీస్తునకు పూర్వము రెండవ, మొదటి శతాబ్దుల నాటిదని పెక్కుమంది విద్వాంసుల మతము. ఆ లింగముపై చెక్కబడిన దేవుడు పరశువు దాల్చి, ఒక మృగమును వ్రేలాడబట్టి, మరుగుజ్జుపై నిలిచియున్నాడు. ఆయన కట్టినది గజచర్మము కాదు, వ్యాఘ్రచర్మమును కాదు; అంగములు కనబడునంతటి పలుచని నేతవస్త్రము. శిల్పికి కృత్తివాస నామము తెలియదనుట సాహసము. తెలిసియు దానిని చెక్కుట ఆవశ్యకమని తలపలేదనుట సముచితము. కావున శివమూర్తికి చర్మము విడరాని లక్షణమను నియమము ఆ తొలినాళ్ళ శిల్పులనెల్ల బంధింపలేదు.

కావ్యములలో కాళిదాసుని ప్రయోగము మిక్కిలి విలువగలది. కుమారసంభవమున తృతీయసర్గయందు శివుడు తపోనిష్ఠలో నున్నాడు. అచట వేదికపై పరచినది పులితోలు. ఆయన ముడివేసి కట్టినది కృష్ణాజినము. పంచమసర్గయందు కపటబ్రహ్మచారి పార్వతిని వెక్కిరించుచు, వధువు పట్టుచీరకును నెత్తురోడు గజచర్మమునకును కొంగుముడి యెట్లు కుదురునని అడుగును. సప్తమసర్గయందు వరుడై బయలుదేరునప్పుడు ఆ గజచర్మమే గోరోచన చిహ్నములతో దుకూలమైనది. ఒక్క కావ్యమున, ఒక్క కవి చేతిలో, మూడు చర్మములు. యోగికి జింక, ఆసనమునకు పులి, పరిహాసమునకు ఏనుగు. ఇచట చర్మమును నిర్ణయించినది పురాణకథ కాదు, సన్నివేశము. గజాసురవధను కాళిదాసు ఆ కావ్యమున కథగా చెప్పనేలేదు. పైగా, భూషణములు దాల్చినను పాములు దాల్చినను, చర్మము కట్టినను పట్టు కట్టినను ఆ విశ్వమూర్తి రూపము ఇట్టిదని నిర్ధారింప నలవికాదను భావమును పార్వతి నోట పలికించినాడు. ఏ చర్మమను వివాదమునకు ఆమె మాట మనకంటె ముందే చెప్పిన ఉత్తరము.

ఇక కథలను పరిశీలింతము. కాశీఖండమునందును శివపురాణమునందును గజాసురుడు మహిషాసురుని కొడుకు. కామమునకు లోబడినవారిచేత చావులేకుండ వరము పొందినవాడు. కావుననే కామారి తప్ప వానిని చంపగలవాడు లేడు. శివుడు శూలమున గ్రుచ్చి పైకెత్తగా వాడు గొడుగువలె నిలిచి స్తుతించి, శూలాగ్నిచే పునీతమైన తన చర్మమును ధరింపుమని వేడెను. ఆ శరీరమే కాశిలో కృత్తివాసేశ్వర లింగమైనది. ఈ కథకు గురి చర్మము కాదు, లింగము. ఆ ప్రకరణముననే దుందుభినిర్హ్రాదుడను రాక్షసుడు పులిరూపున వచ్చి శివునిచే నిహతుడగును. అచట ఫలము వ్యాఘ్రేశ్వర లింగావిర్భావమేగాని వ్యాఘ్రచర్మధారణము కాదు. చర్మమునకు హేతువు చెప్పుటయే పురాణకర్త ఉద్దేశమైనచో ఇంతకంటె మంచి అవకాశ మేమి గలదు? దానిని ఆయన ఉపయోగింపలేదు. క్షేత్రమాహాత్మ్యమే ఆయన లక్ష్యము.

వరాహపురాణమున కథ మారినది. అంధకాసుర యుద్ధమున నీలుడను దైత్యుడు ఏనుగై రాగా వీరభద్రుడు సింహమై వానిని జంపి చర్మమును రుద్రున కర్పించును. చంపినవాడు వేరు, ధరించినవాడు వేరు. అంధకవధతో గజచర్మమునకు గల ఈ సంబంధము గ్రంథమునకే పరిమితము కాదు. ఎలిఫెంటా గుహలోని అంధకవధ శిల్పమున శివుడు వెనుక గజచర్మమును ఎత్తిపట్టియుండుట ప్రసిద్ధము. ఈ కథను కాశీకథయొక్క వికృతిగా భావించినచో ఆ శిల్పము మనకు బోధపడదు. 1914–1916 నడుమ ప్రతిమాశాస్త్ర గ్రంథమును వెలువరించిన టి. ఏ. గోపీనాథరావుగారు ఈ భేదములను ప్రక్కప్రక్కన నుంచి చూపుట వారి వివేకమునకు నిదర్శనము.

దారువన కథ మరియొక తెరగు. కూర్మ, లింగ పురాణములలో భిక్షాటనమునకు వచ్చిన శివునిపై మునులు కోపించుట గలదు గాని, పులిని ఏనుగును ప్రయోగించుట లేదు. దక్షిణదేశ సంప్రదాయముననే మునులు అభిచారహోమము గావించి పులిని, లేడిని, పాములను, అపస్మారుని పంపుదురు. శివుడు పులిని చీల్చి కట్టుకొనును, లేడిని చేతబట్టును, పాముల నలంకరించుకొనును, అపస్మారుని పాదముక్రింద నొక్కును. మాయవరము సమీపమునగల వళువూరు క్షేత్రమున హోమాగ్నినుండి వెడలినది ఏనుగు. ఇచట గజాసురుడును మునుల కర్మగర్వమునుండి పుట్టినవాడే. నటరాజమూర్తి సర్వాంగములకు ఒక్క కథలో సమాధానము చెప్పవలసిన అవసరము ఆ దేశమున గలదు. ఆ అవసరమే ఈ కథను పెంచినది. మన భాషలో కాశీఖండమును తెనిగించిన శ్రీనాథుడే హరవిలాసమున దారుకావనవిహారమును వర్ణించినాడు. రెండు క్షేత్రముల కథలును ఒక్క కవికి అవిరుద్ధముగా దోచినవి.

లింగపురాణమున వేషమునకును అవతారమునకును ముడిపడినది. హిరణ్యకశిపు వధానంతరము శాంతింపని నృసింహుని అణచుటకై శివుని అంశమైన వీరభద్రుడు శరభరూపము దాల్చెననియు, నాటినుండి శంకరుడు నృసింహుని చర్మమును వస్త్రముగను, ఆ శిరస్సును ముండమాలకు నాయకముగను ధరించెననియు అందు గలదు. వైష్ణవులు దీని నంగీకరింపరు. గండభేరుండ కథ దీనికి ప్రతికథగా ప్రచారమున నున్నది. ఇచట చర్మము మతస్పర్ధకు గుర్తు. మూడవ కులోత్తుంగచోళుడు త్రిభువనమున కట్టించిన కంపహరేశ్వరాలయమున శరభమూర్తికి సన్నిధి గలదు. ఈ కథ మనకు ఇష్టమా కాదా యన్నది వేరు ప్రశ్న. ఇష్టము కాలేదని ప్రక్షిప్తమనుట మాత్రము పరిశోధన కాదు.

తుదకు తెలుగు ఇండ్లకు వత్తము. భాద్రపదశుద్ధ చవితినాడు చదువు వినాయకవ్రత కథలో గజాసురుడు శివుని తన యుదరమున వసింపుమని కోరును. విష్ణువు నందిని గంగిరెద్దుగా నలంకరించి, దేవతలచేత వాద్యములు పట్టించి, గజాసురపురమున ఆడించును. వచ్చినవాడు శ్రీహరియని యెరిగిన గజాసురుడు తన శిరస్సు త్రిలోకపూజ్యము గావలెననియు, తన చర్మమును శివుడు ధరింపవలెననియు ప్రార్థించును. నంది కొమ్ములతో వానిని చీల్చును. ఆ శిరస్సే పిదప వినాయకునకు అమరును. శివపురాణమునందు గణేశునకు అతికించినది ఉత్తరదిక్కున దొరికిన ఒంటికొమ్ము ఏనుగు తల. దానికి పేరు లేదు, కథ లేదు. చర్మ మెక్కడిది, తల యెక్కడిది అను రెండు ప్రశ్నలను తెలుగు కథకుడు ఒక్క ఏనుగుతో తీర్చినాడు. శూలమునకు బదులు మన వీధిలో ఆడు గంగిరెద్దును నిలిపినాడు. దీనిని కాశీఖండ కథకు అపభ్రంశమని త్రోసివేయుట మనవారి కల్పనాశక్తిని మనమే చూడకుండుట.

కథాభేదములనన్నిటిని ఒకచోట చేర్చి విమర్శించు పద్ధతి నూతనము కాదు. 1973లో వెండీ డోనిజర్ శివునిగూర్చి ప్రకటించిన గ్రంథమున దారువన కథలను ఆ విధముననే చర్చించినది. ఏ పాఠమును త్రోసివేయకుండుట ఆ పద్ధతిలోని గుణము. అయితే పాఠములన్నిటిని ఒకే సమతలమున నుంచి, వాని యంతర్నిర్మాణమునే ప్రధానముగా జూచినప్పుడు, ఏ క్షేత్రమున, ఏ వ్రతమున, ఎవరు వినగా చెప్పిరన్నది మరుగుపడును. మనకు కావలసినది ఆ రెంటి కలయిక.

ప్రతి కథయు తన చోటికై పుట్టినదే యైనచో వానికి సామాన్యధర్మము లేదా యని శంకింపవచ్చును. కలదు. చంపినవాడు మారెను, మృగము మారెను, స్థలము మారెను. మారనిది ఒక్కటి: ఎదిరించి వచ్చినది పారవేయబడలేదు, ఒంటికి చుట్టుకొనబడినది. కాశీలోను, తెలుగు వ్రతకథలోను చచ్చువాడే దానిని వరముగా కోరెను. వేదమున కథలేని చర్మమునకు పురాణకర్తలు చేర్చిన అర్థ మిదియే యని మేము తలచుచున్నాము.

దీనినిబట్టి పాఠములు పరిష్కరించువారికిని, టిప్పణములు వ్రాయువారికిని కొన్ని నియమము లేర్పడును. కవి కృత్తివాసుడని మాత్రమే అన్నచోట ఏనుగును మనము తెచ్చి నిలుపరాదు. ఏనుగును, పులిని ఒక్క కావ్యమున బేర్కొన్నచో ఒకదానిని లేఖకదోషమని దిద్దరాదు. కథ చెప్పవలసివచ్చినచో అది యే గ్రంథముననిదో, యే క్షేత్రమునకు జెందినదో తప్పక చెప్పవలెను. విద్యార్థి పరీక్షలో గజాసురుని నంది చీల్చెనని వ్రాసినచో దానిని తప్పుగా గొట్టివేయుటకు ముందు, ఆ కథను అతడు ఏటేట తన యింట విన్నాడని గురువు స్మరింపవలెను.