గగనసఖి ఎవరికి సఖి?

విమానాల్లో వెనకటి మర్యాదలు ఇప్పుడు లేవని వాపోయే రచనలు ఎక్కడ చూసినా ఒకే తీరు. పింగాణీ పళ్లెంలో వేడి భోజనం, కాళ్లు చాపుకునే చోటు, చిరునవ్వు. మొదటి రెండూ కంపెనీ డబ్బుతో వచ్చేవి, మూడోది ఒక స్త్రీ శ్రమ. మూడింటినీ ఒకే వరసలో చెప్పుకునే ఆ జ్ఞాపకాలన్నీ సీట్లో కూర్చున్నవాళ్లవి. మన పత్రికలు ముద్దుగా పెట్టిన 'గగనసఖి' అనే పేరు కూడా అక్కడినుంచి పుట్టిందే. నిలబడి వడ్డించిన మనిషి ఏం చెప్పుకుందో చూద్దామని వెతికితే నాకు మొదట తగిలింది ఒక మోసం.

1967లో అమెరికాలో 'కాఫీ, టీ ఆర్ మీ?' వచ్చింది. ఇద్దరు ఎయిర్‌హోస్టెస్‌ల సరదా జ్ఞాపకాలన్న పేరుతో విపరీతంగా అమ్ముడుపోయింది. రాసింది మాత్రం డోనాల్డ్ బెయిన్ అనే మగాయన, విమాన సంస్థ ప్రచార విభాగంలో పనిచేసినవాడు. మగ ప్రయాణికుడు వినాలనుకునేదంతా స్త్రీ గొంతుతో, 'నేను' అంటూ చెప్పించాడు. ఆత్మకథ మన సొంత ప్రక్రియ అనుకునే మనం ఈ పుస్తకాన్ని గుర్తుపెట్టుకోవాలి. 1971లో నేషనల్ ఎయిర్‌లైన్స్ 'ఫ్లై మి' అంటూ తన ఉద్యోగినుల బొమ్మలతో ప్రకటనలిచ్చింది. అక్కడా 'నేను' అన్నది కంపెనీయే.

మన దేశంలో ఆమె గొంతు నాకు దొరికింది కోర్టు కాగితాల్లో. ఎయిర్ ఇండియాలో 35 ఏళ్లు నిండినా, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లాడినా, మొదటిసారి గర్భం వచ్చినా, ఏది ముందైతే దానితో ఉద్యోగం పోయేది. నెర్గేష్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు ఆ గర్భం నిబంధనని స్త్రీత్వానికే అవమానమంటూ కొట్టేసింది. ఆ పేరాలు చదువుతుంటే మనసు పొంగుతుంది. అదే తీర్పు నాలుగేళ్ల పెళ్లి నిషేధం సబబేనంటుంది. ఆమె ఆరోగ్యానికి మంచిదట, కుటుంబ నియంత్రణకి మేలట! మూడో గర్భానికి తీసేస్తే పరవాలేదంటుంది. ఇంట్లో పెద్దన్నయ్య గొంతు ఇంత స్పష్టంగా పలికిన వచనం నేను కథల్లో కూడా చదవలేదు. స్త్రీలని 50 ఏళ్లకే గగన విధుల నుంచి నేల మీదికి దించడాన్ని అదే కోర్టు 2003లో సమర్థించింది. విమానంలో సూపర్‌వైజర్‌గా స్త్రీ ఉండొచ్చా అన్న వివాదం 2011లో గానీ తేలలేదు.

ఆర్లీ హాక్‌షీల్డ్ 'ది మేనేజ్డ్ హార్ట్' (1983) చిరునవ్వుని శ్రమగా చూపిన పుస్తకం. డెల్టా ఉద్యోగినులని చూసి ఆమె చెప్పిన భావోద్వేగ శ్రమ మనకి చాలా ఉపయోగపడింది. కానీ ఆ చిరునవ్వు ఎవరిదాకా వచ్చి ఆగిపోతుందన్నది నాకున్న ప్రశ్న. గల్ఫ్‌కి వెళ్లే ఒక విమానంలో నా పక్కన గోదావరి జిల్లా నుంచి కువైట్‌లో ఇంటిపనికి పోతున్నామె కూర్చుంది. మంచినీళ్లు మూడుసార్లు అడిగింది, తెలుగులోనే. నాకు మాత్రం అడక్కుండానే, నవ్వుతో సహా వచ్చాయి. ఆ ఎయిర్‌హోస్టెస్ మీద నాకు కోపం రాలేదనను. అయితే ఆ అమ్మాయి కూడా ఒక లెక్క ప్రకారం నవ్వుతోంది. ఆ లెక్క ఆమె వేసింది కాదు.

ఇప్పుడు చవక విమానాల్లో ఆమె అమ్మకాలూ చేస్తోంది, ప్రయాణికులు దిగాక సీట్ల మధ్య చెత్త కూడా ఏరుతోంది. మర్యాద తగ్గిందని రాసేవాళ్లకి ఈ పెరిగిన పని కనిపించదు. ఆ నడవలో నిలబడ్డ మనిషి తెలుగులో రాసిన కథ నాకింకా తారసపడలేదు. రాస్తే, మూడుసార్లు నీళ్లడిగిన ఆ కువైట్ ప్రయాణికురాలి గురించి ఏమంటుందో చదవాలని ఉంది.