అడవి బాపిరాజు చారిత్రక నవల: మెప్పూ, విసుగూ

అడవి బాపిరాజు (1895–1952) చారిత్రక నవలల్లో పేరుపొందినవి హిమబిందు, గోన గన్నారెడ్డి, అడవి శాంతిశ్రీ, అంశుమతి. వీటిని మళ్లీ మళ్లీ చదువుకునేవారున్నారు, పాతిక పేజీలకే పక్కన పెట్టేసేవారూ ఉన్నారు. చిత్రమేమిటంటే, ఇష్టానికీ విసుగుకీ ఇరువురూ చెప్పే కారణం ఒకటే: వర్ణన.

బాపిరాజు చిత్రకారులు. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్నారు. నవల రాసేటప్పుడు కూడా ఆ కన్నే పనిచేసింది. హిమబిందులోని శాతవాహనుల నాటి మనుషుల కట్టూబొట్టూ, హారాలూ, నిలుచునే భంగిమలూ చదువుతుంటే అమరావతి సున్నపురాతి శిల్పాలు గుర్తుకొస్తాయి. శాసనాలు రాజుల దానాలను చెబుతాయి గాని ఆనాటి స్త్రీ కొప్పు ఎలా ముడిచేదో చెప్పవు. శిల్పం చెబుతుంది. ఆ సాక్ష్యాన్ని కథలోకి తేవడమే బాపిరాజు నేర్పు. అయితే వర్ణన మొదలైతే కథ ఆగి నిలబడాల్సిందే. సంస్కృత సమాసాలు అలవాటు లేని నేటి పాఠకుడికి ఆ నిరీక్షణ మరీ భారం.

శిల్పాన్ని సాక్ష్యంగా తేవడం ఒక పద్ధతైతే, రెండోది చరిత్రలో ఖాళీ ఉన్నచోట కల్పనను నాటడం. నాగార్జునకొండ శాసనాల్లో ఇక్ష్వాకు శాంతమూలుడి కూతురు అడవి శాంతిశ్రీ గురించి దొరికేది పేరూ, బంధుత్వం, ఆ పైన కొద్దిపాటి వివరమే. దాని మీద నవల లేచింది. గోన గన్నారెడ్డి కాకతీయుల సామంతుడన్నది చరిత్ర. గజదొంగ వేషంలో తిరుగుతూ రహస్యంగా రుద్రమదేవికి అండగా నిలవడం నవల. ఈ కల్పన ఎంత బలంగా నాటుకుందంటే, 2015 నాటి రుద్రమదేవి సినిమాలోనూ గన్నారెడ్డి బందిపోటుగానే కనిపించాడు. కల్పనే చరిత్రగా చలామణి అవుతోందన్న చరిత్రకారుల ఫిర్యాదు న్యాయమైనదే, కాని తప్పంతా నవలాకారుడిది కాదు.

పాత్రల మీద వచ్చే విమర్శకు మాత్రం జవాబు చెప్పడం కష్టం. నాయకుడు వీరుడు, కళాభిజ్ఞుడు, ధర్మాత్ముడు, నాయిక సౌందర్యరాశి, చూపులు కలవగానే ప్రేమ. జాతీయోద్యమంలో జైలుకు వెళ్లివచ్చిన రచయిత కావడంతో పూర్వాంధ్ర వైభవం మీది మక్కువ కొన్నిచోట్ల కథను మించిపోతుంది. ఇదే రుద్రమదేవి మీద నవల రాసిన నోరి నరసింహశాస్త్రి, కవులనూ పండితులనూ కథల నడుమ నిలిపి, ఆనాటి మత, సాహిత్య వాదాలను పట్టి చూపారు. ఆలోచన కోరే పాఠకుడికి నోరి, కళ్లకు కట్టినట్టు చూడాలనుకునేవాడికి బాపిరాజు.

నాలుగింటిలో కథ చురుగ్గా నడిచేది గోన గన్నారెడ్డి, వర్ణన పండినది హిమబిందు. బాపిరాజును కొత్తగా చదవబోయేవారు మొదటిదానితో ప్రారంభించి, ఆ వచనం అలవాటయ్యాక రెండోదానికి వెళ్లడం మేలు.