వాలంటీరు ఏం తిన్నాడు?

పోలీసు యాక్షన్ రోజుల మీద ఒక నవల రాయాలని కొన్నేళ్ళ కిందట నాకు బుద్ధి పుట్టింది. ఎవరూ అడగకుండానే పుట్టే బుద్ధులివి. నాలుగు అధ్యాయాలు రాసుకుని, ఎవరికైనా వినిపిస్తే తప్ప నిద్రపట్టదన్నట్టు కాగితాలు పట్టుకుని హుస్నాబాద్ దగ్గరి మా పల్లెకు బస్సెక్కాను. అక్కడ మా బాపమ్మ ఉండేది. బాపు తల్లి కాబట్టి మా కరీంనగర్ వైపు బాపమ్మ అంటాం. అక్షరం ముక్క రాదు. కానీ 1948లో ఆమెకు పదహారేళ్ళు. ఆ రోజుల్ని కళ్ళారా చూసిన మనిషి మా ఇంట్లో ఆమె ఒక్కతే మిగిలింది.

అరుగు మీద కూచుని చదివాను. నా కథానాయకుడు చదువు మానేసి వాలంటీరవుతాడు. నది దాటుతాడు, గుట్టలెక్కుతాడు, తుపాకీ పట్టుకుంటాడు. మధ్యలో చంద్రుణ్ణి చూసి దేశం గురించి ఆలోచిస్తాడు. ఆ చంద్రుడి దగ్గర నాకు నేనే ముచ్చటపడి కాస్త గొంతు మార్చి చదివానని కూడా ఒప్పుకోవాలి. బాపమ్మ చింతకాయలు దంచుతూ అంతా విన్నది. చివరికి రోకలి పక్కన పెట్టి, "ముప్పై పేజీలాయె. గా పిలగాడు గుట్టలెక్కుడు దిగుడే గని ఒక్క పూటన్న బువ్వ తినకపాయె. ఎట్ల బతికిండు బిడ్డా?" అన్నది.

విశ్వవిద్యాలయంలో సాహిత్య విమర్శ చదువుకున్నాను. అంత పదునైన సమీక్ష నాకు మళ్ళీ ఎవరూ రాయలేదు.

ఆ పూట నుంచి ఇలాంటి కథ ఏది చేతికొచ్చినా, ఇందులో వాలంటీరు ఎప్పుడు తిన్నాడు, ఎవరు పెట్టారు అని వెతకడం నాకు అలవాటైంది. ఈ కొలతతో చూస్తే పెద్దపెద్ద పుస్తకాలు చిన్నబోతాయి. పది పేజీల కథలు కొన్ని హఠాత్తుగా ఎత్తు పెరుగుతాయి. అలా ఎత్తు పెరిగిన కథ ఒకటి ఉంది. దాని పేరు "గొల్ల రామవ్వ".

కథ సంగతికి వచ్చేముందు ఈ "వాలంటీరు" అన్న మాటను కాస్త తడిమి చూడాలి. మనకీ మాట వినగానే తిరునాళ్ళలో మంచినీళ్ళు పోసే కుర్రవాళ్ళు గుర్తొస్తారు. 1947, 48లలో హైదరాబాదు సంస్థానంలో దీని అర్థం వేరు. 1947 ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెస్ "జాయిన్ ఇండియా" ఉద్యమం మొదలుపెట్టింది. ఆపైన సంస్థానం సరిహద్దుల వెంట శిబిరాలు వెలిశాయి. మా ఉత్తరాది జిల్లాల వాళ్ళకు దగ్గరైనది చాందా శిబిరం. ఇప్పుడు చంద్రాపూర్ అంటున్నాం. ఆదిలాబాదు అడవులకు ఆవలి గట్టు. చదువు, పంట, పెళ్ళి, ఏది మధ్యలో ఉంటే అది వదిలేసి కుర్రవాళ్ళు అక్కడికి చేరేవారు. నిజాం పోలీసు నాకాల మీద, కరోడ్‌గిరి నాకాల మీద దాడులు చేసి తిరిగి గట్టు దాటేవారు. ఇవతల ఊళ్ళలో కమ్యూనిస్టు దళాలు పటేల్ పట్వారీల కాగితాలు తగలబెడుతుండేవి. 1948 మార్చి 14న మా హుస్నాబాద్ దగ్గరి మహమ్మదాపూర్ గుట్టల్లో అనభేరి ప్రభాకరరావు దళం పోలీసులకు చిక్కి నేలకొరిగింది. ఇంకోవైపు రజాకార్లు. చిత్రమేమిటంటే రజాకార్ అన్న మాటకు అర్థం కూడా వాలంటీరే, తనంతట తానుగా వచ్చినవాడు అని. అటూ ఇటూ అందరూ ఇష్టపడి వచ్చినవాళ్ళే! ఇష్టాయిష్టాలు అడగకుండా ఈ యుద్ధంలోకి లాగబడింది ఒక్క ఊళ్ళే. ఆ ఊళ్ళలో ముందు ఆడవాళ్ళు. ఎందుకంటే అర్ధరాత్రి ఎవరు తలుపు తట్టినా లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళవలసింది వాళ్ళే.

"గొల్ల రామవ్వ" ఆ తలుపు కథ. రాసినవారు పి.వి. నరసింహారావు, అవును, తర్వాత ప్రధానమంత్రి అయిన పి.వి.గారే. అప్పటి కరీంనగర్ జిల్లా వంగర ఆయన ఊరు. చాందా శిబిరంలో స్వయంగా పనిచేశారు. 1949లో "కాకతీయ" పత్రికలో "విజయ" అన్న కలం పేరుతో ఈ కథ వేశారు. పోలీసు యాక్షన్ ముగిసి అప్పటికి ఏడాదైనా కాలేదు. శిబిరంలో ఉండివచ్చిన మనిషి ఏం రాస్తాడనుకుంటాం? శిబిరం గురించి రాస్తాడు, నాయకుల గురించి రాస్తాడు, తన గురించి తప్పకుండా రాస్తాడు. ఈయన అవన్నీ వదిలేసి ఒక గొల్ల ముసలమ్మ గుడిసెలోకి వెళ్ళి కూచున్నారు.

కథ ఇంతే. రాత్రి. గుడిసెలో ముసలి రామవ్వ, ఆమె మనుమరాలు. పోలీసులు వెంటపడిన ఒక కుర్రవాడు లోపలికి వస్తాడు. తాను స్టేట్ కాంగ్రెస్ వాలంటీరునంటాడు. రామవ్వ అతన్ని దాస్తుంది. పోలీసులు రానే వస్తారు. అప్పుడా ముసలమ్మ తన మనుమరాలిని అతని ఆలిగా చూపించి, మొగుడూ పెళ్ళాలు పడుకున్నారని నమ్మించి, అతని ప్రాణం కాపాడుతుంది.

గుట్టల మీది వీరుణ్ణి మనం చాలాసార్లు చూశాం. ఈ కథలో వీరుడు బెదిరిన పిల్లవాడు. తర్వాత ఏం చెయ్యాలో తెలిసింది ముసలమ్మకు. ఆమెకు రాజకీయం తెలియదు. తలుపు తట్టినవాడు తన పిల్లల ఈడువాడని మాత్రం తెలుసు. ఆమె మాట మన పల్లె మాటే. పుస్తకం భాష ఆమె నోట్లో కుక్కలేదు. 1949లో తెలంగాణ పలుకుబడిని, అదీ ఒక గొల్ల స్త్రీ పలుకుబడిని, కథకు వెన్నెముకగా నిలబెట్టడానికి గుండెధైర్యం కావాలి. ఈ మాట సగర్వంగా చెబుతాను. నా ముప్పై పేజీల్లో లేనిది ఈ చిన్న కథలో ఉంది. వాలంటీరు బతుకంటే ఏ పూటకాపూట ఒక ఇల్లు, ఆ ఇంటి ఆడదాని తెలివి, ఆమె తెగువ.

ఈ ఉత్సాహంతో మళ్ళీ బస్సెక్కాను. ఈసారి నా రాతలు కాదు, పి.వి.గారి కథ బాపమ్మకు చదివి వినిపించాను. పోలీసుల దగ్గర ఆమె నవ్వింది. రామవ్వ మాటలకు "గట్లనే అనాలె" అని తల ఊపింది. కథ అయిపోయింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మంచిగనే రాసిండు. గని గా పొల్లనడిగిన్రా?" అన్నది.

"ఏ పొల్ల, బాపమ్మా?"

"మనుమరాలే. పరాయి మొగోని పక్కల పండుమన్నరు గదా. తెల్లారి ఊరోళ్ళకు ఎరుకైతే? ఆ పొల్లకు పెండ్లెట్లయితది?"

నేను వెంటనే వాదనకు దిగాను. ప్రాణం పోతుంటే పెళ్ళి మాటేమిటి, అదొక అత్యవసరం, కథకుడు ముసలమ్మ ధైర్యాన్ని చూపిస్తున్నాడు, చిన్నకథకు హద్దులుంటాయి, ఇలా ఏవేవో చెప్పాను. అన్నీ సరైన మాటలే. కథ రామవ్వ వెంట నడుస్తుంది. అలా నడవడమే దాని బలం. మనుమరాలి మనసు దగ్గర ఆగితే పోలీసులు వచ్చిన ఉద్రిక్తత జారిపోయేదేమో కూడా. కానీ బాపమ్మ అడిగింది కథాశిల్పం కాదు. పదహారేళ్ళ పిల్ల గురించి అడిగింది. ఆ ఏడాది తనూ పదహారేళ్ళ పిల్లే.

ఇందులో పి.వి.గారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆడపిల్ల మనసు వినపడని మనిషి కాదాయన. హరి నారాయణ ఆప్టే మరాఠీలో ఒక ఆడపిల్ల తన కథ తానే చెప్పుకున్నట్టు రాసిన నవలను "అబల జీవితం"గా తెలుగు చేసింది ఆయనే. మీలో చాలామంది చదివే ఉంటారు, చదవకపోతే తప్పక చదవండి. అంత చెవి ఉన్న రచయిత సైతం, గుడిసెలోకి వాలంటీరు వచ్చేసరికి, ఆ పిల్లను అడగకుండానే కథ ముగించాడంటే ఆ లోపం ఒక్క రచయితది కాదు. యుద్ధమంటే మనకున్న ఊహదే.

మన దగ్గరే కాదు, ఇంకో దేశం పుస్తకంలోనూ ఇదే సంగతి. జార్జ్ ఆర్వెల్ పేరు వినే ఉంటారు. మన బీహారులోని మోతిహారిలో 1903లో పుట్టిన ఇంగ్లీషు రచయిత. 1936 చివర స్పెయిన్ అంతర్యుద్ధంలోకి వాలంటీరుగా వెళ్ళి, కందకాల్లో ఉండి, 1937 మే నెలలో గొంతులో తూటా దిగి, ప్రాణాలతో బయటపడ్డాడు. 1938లో ఆ అనుభవాల మీద "హోమేజ్ టు కాటలోనియా" అన్న పుస్తకం వేశాడు. సిపాయి దినచర్యను అంత నిజాయితీగా రాసిన పుస్తకం నేను ఇంకొకటి చదవలేదు. చలి, బురద, పేలు, కొవ్వొత్తి ముక్కలు, పొగాకు, వంటచెరుకు కోసం వెతుకులాట. శత్రువు బెడద వీటన్నిటి తర్వాతే! అప్పట్లో ఎవరూ కొనలేదు పాపం. 1,500 ప్రతులు వేస్తే 1950లో ఆయన పోయేనాటికి కూడా చెల్లలేదు.

బాపమ్మ కొలతకు ఈ పుస్తకం నూటికి తొంభై మార్కులతో నిలుస్తుంది. మిగతా పది ఎక్కడ పోయాయంటారా? ఆయన భార్య ఐలీన్ కూడా 1937లో బార్సిలోనా చేరి, అక్కడి ఆఫీసులో పనిచేస్తూ, ముందువరసలో ఉన్న భర్తకు టీ పొడి, చాక్లెట్, చుట్టలు పంపేది. ఆయన్ను చూడ్డానికి కందకం దాకా వెళ్ళింది కూడా. పుస్తకంలో ఆమె "నా భార్య"గా చాలాసార్లు వస్తుంది. పేరు మాత్రం ఒక్కచోటా లేదు. ఆస్ట్రేలియా రచయిత్రి ఆనా ఫండర్ 2023లో ఐలీన్ గురించే ఒక పుస్తకం రాసి ఈ సంగతి గట్టిగా ఎత్తిచూపింది. కట్టెపుల్లకు, పేనుకు కూడా చోటిచ్చిన పుస్తకంలో, టీ పొడి పంపిన మనిషికి పేరు లేదు.

మరి ఆడవాళ్ళే నోరు విప్పితే ఎలా ఉంటుందో చూడాలంటే "మనకు తెలియని మన చరిత్ర" చదవాలి. స్త్రీ శక్తి సంఘటన వారు 1986లో తెచ్చిన పుస్తకం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో చెప్పుకున్న కథలు. వాళ్ళు తుపాకులూ పట్టారు, పాటలూ పాడారు, ఆ సంగతులన్నీ ఉన్నాయి. కానీ నన్ను పట్టి కుదిపినవి వేరు. నెలసరి రోజుల్లో అడవిలో నడవడం, ఏడుస్తున్న పసిబిడ్డను ఎక్కడ పెట్టాలి, పోరాటం ముగిశాక "ఇక ఇళ్ళకు వెళ్ళండి" అంటే ఏ ఇంటికి వెళ్ళాలి! మగవాళ్ళు రాసిన పోరాట చరిత్రల్లో ఇవి వెతికినా దొరకడం కష్టం. ఎత్తుకూ పల్లానికీ, పొగడ్తకూ నిందకూ లొంగకుండా, కూర తరుగుతూ మాట్లాడినట్టు చెప్పుకుపోతారు. కొన్ని పేజీలు చదివి పుస్తకం మూసి ఊరికే కూచోవలసి వస్తుంది.

అది చదివాక నేను బాపమ్మ దగ్గరికి మూడోసారి వెళ్ళాను. ఈసారి చదవడానికి ఏమీ పట్టుకుపోలేదు. అడిగాను. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. నాకు సిగ్గేసింది కూడా.

లెవీ కింద గింజలు కొలిపించుకుపోయిన ఏళ్ళవి. ఇంట్లో ఉన్నది కొంచెం. అయినా మా ముత్తవ్వ పొద్దుగూకక ముందే రెండు దోసిళ్ళు ఎక్కువ వేసి జొన్న గటక వండేదట. రాత్రి పొయ్యి వెలిగిస్తే పొగ, వెలుతురు చెప్పేస్తాయి. ఎవరూ రాకపోతే తెల్లారి మజ్జిగ పోసుకుని ఇంటివాళ్ళే తినేవారు. వస్తే ఆ పూట ఇంటి ఆడవాళ్ళకు అంబలే. కుక్క అరిస్తే కాదు, అరవడం ఆగితే లేచేదట ముత్తవ్వ. మచ్చికైన మనిషికి కుక్క ఊరుకుంటుంది కదా. వచ్చినవాళ్ళు కాంగ్రెసువాళ్ళా, కమ్యూనిస్టులా? "మాకేమెరుక? చీకట్ల ఆకలి అందరిదొక్కటే" అన్నది. రజాకార్లు కూడా ఒకసారి వచ్చి కోళ్ళు పట్టుకుపోయారట. వాళ్ళను మాత్రం బాగా గుర్తుపెట్టుకుంది, కోళ్ళ రంగులతో సహా.

వచ్చినవాళ్ళలో ఎవరైనా గుర్తున్నారా అని అడిగాను. నవలా రచయిత్రిని కదా, ఒక పేరో, ఒక మొహమో, వీలైతే చిన్న ప్రేమకథో దొరుకుతుందని లోపల ఆశ. బాపమ్మ చాలాసేపు ఆలోచించింది.

"మొకాలేడ గనపడ్తయి బిడ్డా, దీపం వెట్టకపోదుము. ఒక్కడున్నడు. తిన్నంక తలె కడిగి, బోర్లించి, పొయ్యి పక్కన వెట్టిపోయిండు. పొద్దుగాల మా అవ్వ సూశి, ఇదేందే, మొగోడు తలె కడిగిండు అని నవ్వింది. గాయిననే యాదికున్నడు."

నా నవల ఇంకా పూర్తికాలేదు. పాత ముప్పై పేజీలు చింపేశాను. చంద్రుడు పోయాడు. బాపమ్మా పోయింది, వానాకాలం మొదట్లో. కొత్తగా రాస్తున్న మొదటి అధ్యాయంలో తెల్లవారుతోంది. పదహారేళ్ళ పిల్ల పొయ్యి దగ్గరికొచ్చి, బోర్లించి ఉన్న తలెను తిప్పి చూస్తోంది.