సంతాన చికిత్స – ఉద్యోగిని – మన కథ

తెలుగు కథలో పిల్లల్లేని స్త్రీ కొత్త పాత్ర కాదు. గొడ్రాలు ఎదురొస్తే పని చెడుతుందని పక్కకు తప్పుకునే పల్లె దగ్గర్నుంచి, మళ్లీ పెళ్లి చేసుకోమని తానే మొగుణ్ణి బతిమాలే ఇల్లాలి దాకా ఆమెను మనం ఎన్నో రూపాల్లో చూశాం. ఆ రూపాలన్నిట్లోనూ ఆమె పూజగదిలో ఉంది, నాగులపుట్ట దగ్గర ఉంది, వంటింట్లో కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఉంది. నెల జీతం తెచ్చుకుంటూ, పొద్దున తొమ్మిదింటికి హాజరు వేయించుకుంటూ, బిడ్డ కోసం ఇంజెక్షన్లు పొడిపించుకుంటూ ఉన్న స్త్రీ మాత్రం కనిపించటం అరుదు. ఈ వైద్యం సాగినన్నాళ్లూ ఉద్యోగం చెయ్యాలా మానాలా అన్నది ఇవాళ ఎన్నో ఇళ్లల్లో రాత్రి భోజనాలయ్యాక నడిచే చర్చ. అది మన కథలోకి ఎందుకు రాలేదు, వస్తే ఎలా రావాలి అన్నదే ఈ వ్యాసం విషయం.

కథకుడికి వస్తువు తెలియాలి గనక ముందు దాని సంగతి చూద్దాం. ఐవీఎఫ్ అనే ఈ వైద్యంలో అండాలు పెరగటానికి దాదాపు పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు ఇస్తారు. రెండు మూడు రోజులకోసారి స్కానింగు, రక్తపరీక్ష ఉంటాయి. ఆఖరి ఇంజెక్షను ఇచ్చిన 34 నుంచి 36 గంటల్లో అండాలు బయటికి తియ్యాలి. ఆ గంట ఆదివారం చూసుకుని రాదు, పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఆగదు. మూడో రోజునో అయిదో రోజునో పిండాన్ని గర్భసంచిలో పెడతారు. ఆపైన రెండు వారాల ఎదురుచూపు. ఫలించకపోతే మళ్లీ మొదలు. దర్శిలో పనిచేసే ఉద్యోగిని ఇందుకోసం ఒంగోలో, వంద కిలోమీటర్లకు పైనున్న గుంటూరో పోవాలి. స్కానింగుకు పావుగంట పడితే రానూపోనూ ప్రయాణానికి రోజు పోతుంది. పాత రోజుల్లో కాస్త ఆలస్యంగా వచ్చి సంతకం పెట్టే వీలుండేది. 2022లో మా ఉపాధ్యాయులకు ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకునే పద్ధతి వచ్చింది.

ఈ ఇబ్బందికి ఇంట్లో వెంటనే దొరికే పరిష్కారం 'ఉద్యోగం మానెయ్యి, విశ్రాంతిగా ఉంటే నిలుస్తుంది' అనేది. పిండం పెట్టాక మంచం దిగకుండా పడుకుంటే ఫలితం పెరుగుతుందనటానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. పైగా సంతానం లేని దంపతుల్లో మూడోవంతుకు తక్కువ కాకుండా లోపం మగవాడిలోనూ ఉంటుంది. అయినా నువ్వూ ఉద్యోగం మానుకుని ఇంట్లో ఉండు నాయనా అని కొడుకుతో చెప్పిన తల్లి మా ప్రాంతంలో నాకు తారసపడలేదు. వైద్యుడు చెప్పని మాటను వైద్యం పేరుతో ఇల్లు చెప్తున్నదంటే, అది వైద్యం కాదు, పెత్తనం. రాత్రి డ్యూటీలూ బరువులూ ఉన్నచోట ఒంటికి పడక తానే మానుకునే స్త్రీ కూడా ఉంటుంది. కాదనటం లేదు. తిరిగొస్తే ఉద్యోగం ఉంటుందన్న భరోసా ఉన్నప్పుడే ఆ నిర్ణయం ఆమెదవుతుంది. లేకపోతే ఆమె ఎంచుకున్నట్టు కనిపించేదంతా బలవంతమే.

ఆ భరోసా ఇవ్వాల్సిన ప్రభుత్వం ఆడదాని గర్భసంచిని ఎప్పుడెప్పుడు చూస్తుందో సెలవు నిబంధనలు చదివితే తెలుస్తుంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి కాన్పు సెలవు 26 వారాలు చేశారు. ఆ విషయాలు 2025 నవంబరులో అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో చేరాయి. గర్భం పోతే ఆరు వారాలు. మన రాష్ట్ర ఉద్యోగినికి ట్యూబెక్టమీకి 14 రోజులు, గర్భసంచి తీయించుకుంటే 45 రోజులు ప్రత్యేక సెలవు ఇచ్చారు. కుటుంబ నియంత్రణ ఆపరేషను అయ్యాక బిడ్డలు పోయినవాళ్లు నాళాలు తిరిగి కలిపించుకోటానికి 21 రోజులు కూడా ఉంది. అంటే బిడ్డ కోసం చేయించుకునే వైద్యానికి సెలవివ్వటం అనే సూత్రం కొత్తదేం కాదు. అయినా స్టాఫ్‌రూములో ఇన్నేళ్లుగా నేను చూసిన సెలవు చీటీల్లో ఈ చికిత్స పేరుతో ఒక్కటీ లేదు. జ్వరం, నడుంనొప్పి, బంధువుల ఇంట్లో పెళ్లి అనే పేర్లతోనే ఆ రోజులు గడిచాయి. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో నిలబడరాదన్న నిబంధనను 2024 నవంబరులో మన శాసనసభ ఎత్తేసింది. జనాభా తగ్గుతున్నదని దిగులుపడే ఏలికలకు స్కానింగు కోసం తొలి బస్సెక్కే ఉద్యోగిని కనపడాలి కదా! దక్షిణ కొరియా ఈ చికిత్సకు 2018లో ఏటా మూడు రోజుల సెలవు పెట్టి, 2025లో ఆరు రోజులు చేసింది. అదీ చాలదు. కానీ సెలవు చీటీ మీద దానికి ఒక పేరంటూ ఉంది.

ఇందులో కథ ఎక్కడుందని అడిగేవాళ్లకు ఒక న్యాయస్థానం తీర్పు చూపిస్తాను. 2005 మార్చిలో ఆస్ట్రియాలో బేకరీలో వడ్డన పనిచేసే ఒక స్త్రీకి 8వ తేదీన అండాలు తీశారు. 10వ తేదీన యజమాని ఫోను చేసి పనిలోంచి తీసేశామన్నాడు. 13న పిండం పెట్టాల్సి ఉంది. తీసేసిన రోజుకు ఆమె అండాలు ఫలదీకరణ చెంది ఉన్నాయిగానీ ఆమె ఒంట్లో లేవు. మరి ఆమె గర్భిణీయా, కాదా? యూరప్ న్యాయస్థానం 2008 ఫిబ్రవరిలో, గర్భిణికిచ్చే రక్షణ ఆమెకు వర్తించదంది. అయితే ఈ చికిత్స చేయించుకుంటున్నదన్న కారణంతోనే తీసేసి ఉంటే, అది ఆడదైనందుకు చూపిన వివక్షే అవుతుందనీ అంది. ఎటూ కాని ఆ మూడు రోజులే మన కథకుడు పట్టుకోవాల్సిన చోటు.

మన వార్తలూ మన ఉపన్యాసాలూ అటు చూడలేదు. 2019 సెప్టెంబరులో గుంటూరులో 70 ఏళ్లు దాటిన ఒకామె ఈ పద్ధతిలోనే కవలల్ని కంటే దేశమంతా చెప్పుకుంది. 2021 చట్టం ఈ చికిత్సకు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్లు హద్దుగా పెట్టింది. అదే 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెసులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి కౌరవులు టెస్ట్‌ట్యూబ్ శిశువులన్నారు. కాగా 1978 అక్టోబరు 3న కలకత్తాలో ఆ పని నిజంగా చేసి చూపిన డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయను ఆనాటి ప్రభుత్వ కమిటీ నమ్మలేదు. ఆయన 1981లో ఆత్మహత్య చేసుకున్నాడు. గాంధారి నేతికుండల గురించి గర్వపడటానికి ఖర్చు లేదు. ఖర్చల్లా ఇప్పుడు బతికున్న మనిషికి సెలవివ్వటంలో ఉంది.

ఇక కథకుల సంగతి. కథల పోటీలకు న్యాయనిర్ణేతగా కూచున్నప్పుడు ఈ వస్తువు మీద నా చేతికొచ్చిన కొద్ది కథలూ రెండు మూసల్లో ఒదిగిపోయాయి. మొదటి మూసలో నాయిక మూడో పేజీలో రాజీనామా చేస్తుంది, ఆఖరి పేజీలో ఉయ్యాల ఊగుతుంది. ఉద్యోగం పాపం, మాతృత్వం ప్రాయశ్చిత్తం. రెండో మూస మన శిబిరానిది. నాయిక మందుల చీటీ చించేసి, పిల్లల్లేకపోతే బతకలేనా అని ప్రశ్నించి, అనాథాశ్రమం వైపు నడుస్తుంది. మొదటిది భూస్వామ్య భావజాలమని మనం చప్పున గుర్తుపడతాం. రెండోది మన మాటల్లోనే ఉంది గనక చప్పట్లు కొడతాం. రెండూ ఒకే పని చేస్తున్నాయి. బిడ్డా కావాలి, ఉద్యోగమూ కావాలి అనే స్త్రీని కథలోంచి పంపించేస్తున్నాయి. ఆ రెండూ కోరుకోవటం దురాశ అన్నట్టు రచయితే తీర్పు ఇస్తున్నాడు.

ఇంతకంటే లోతుగా చూసిన రచనలు లేకపోలేదు. స్పానిష్ కవి లోర్కా 1934లో ఆడించిన 'యెర్మా' నాటకంలో బిడ్డ కోసం తపించే స్త్రీని భర్త గడప దాటొద్దంటాడు, కాపలాకు తన అక్కచెల్లెళ్లను తెచ్చిపెడతాడు. ఇంట్లో ఉండమనే ఆజ్ఞకూ గొడ్రాలితనానికీ ఉన్న లంకెను లోర్కా ఎంత నిక్కచ్చిగా పట్టుకున్నాడో చూడండి. తమిళంలో పెరుమాళ్ మురుగన్ 2010లో రాసిన 'మాధొరుబాగన్'లో పొన్నా చేతులకు పని తక్కువేం లేదు. ఊరు మాత్రం ఆమెను పనితో కొలవదు, కడుపుతో కొలుస్తుంది. మన దగ్గర డాక్టర్ పి. శ్రీదేవి 1950ల చివరలోనే 'కాలాతీత వ్యక్తులు'లో తండ్రి బరువు మోస్తూ ఉద్యోగం చేసే ఇందిరను నిలబెట్టింది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ ఇల్లాలు తన పేరే మరిచిపోతుంది. ఉద్యోగం మానటం అంటే ఏమిటో ఆ కథ పక్కన పెట్టి ఆలోచించాలి. ఫలానావారి భార్య అనో, పిల్లల్లేనామె అనో కాకుండా ఆమెను ఆమె పేరుతో పిలిచేది బడిలోనో ఆఫీసులోనో మాత్రమే. ఆ పిలుపు ఆగిపోతే మిగిలేది ఊరు పెట్టిన పేరు. నెలల తరబడి ఫలితం కోసం ఎదురుచూసే మనిషిని నిలబెట్టేది, ఉత్త జీతం ఒక్కటే కాదు.

ఇది డబ్బున్న మధ్యతరగతి బాధ, అభ్యుదయ సాహిత్యానికి వస్తువా అని మిత్రులు కొందరు అంటున్నారు. దర్శి చుట్టూ పత్తి తీతలకూ మిరప కోతలకూ పోయే ఆడవాళ్లను చూసి ఆ మాట అనాలి. కూలామెకు ఉద్యోగం మానాలా వద్దా అన్న ప్రశ్న వేసుకునే తీరికే లేదు. కోత మానితే మందులకు డబ్బు లేదు, మందులకు పోతే ఆ రోజు కూలి లేదు. మేస్త్రి ముఠాలోకి ఇంకొకరిని తీసుకుంటాడు. పురుగుమందు కొట్టిన చేలో వంగి పనిచేసే ఆమె దగ్గర సెలవు అనే మాటకు అర్థమే లేదు. చివరికామె పుట్ట దగ్గరికో బాబా దగ్గరికో పోతే మూఢనమ్మకమని మనం కథ రాస్తాం. ఆసుపత్రి ఆమెకు అందలేదన్న సంగతి ఆ కథలో ఉండదు. హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం తెరిచారు. అలాంటివి జిల్లాజిల్లాకూ కావాలనటం ఎంత వర్గ ప్రశ్నో, కూలి పోకుండా అక్కడికి వెళ్లే దారి కావాలనటమూ అంతే వర్గ ప్రశ్న.

కథ చివర బిడ్డ పుట్టిందో లేదో రచయిత చెప్పకపోయినా నాకు పేచీ లేదు. ఆ నెల ఆమె ఎన్ని రోజులు సెలవు పెట్టింది, సెలవు చీటీలో ఏ అబద్ధం రాసింది, ఆ రోజుల్లో ఆమె క్లాసులు ఎవరు తీసుకున్నారు, ఇంట్లో మానెయ్యమన్న మొదటి మనిషి ఎవరు, భర్త పరీక్ష కాగితం ఏ బీరువాలో దాచారు అన్నవి మాత్రం చెప్పాలి. వాటిని వరసలో పెట్టినవాడికి ఉపన్యాసంతో పనిలేదు. యువ రచయితలు, ముఖ్యంగా ఉద్యోగాలు చేస్తున్న రచయిత్రులు, దీన్ని రాయాలి. నాయిక చేత రాజీనామా చేయించే ముందు ఆమెను ఒక్కమాట అడగమని వాళ్లకు నా మనవి.