ఆకురాయి ఏ వైపు

పెట్టె మీద చేతక్ అని అచ్చు వేసినంత మాత్రాన లోపలున్న సామాను చేతక్‌కు సరిపోతుందని ఏమీ లేదు. పాత స్కూటరు ఇంజను విప్పి మళ్లీ కట్టే ఎవరికైనా మొదటి రోజే తెలిసొచ్చే సంగతి ఇది. పిస్టను కొంటే పిన్ను దూరదు. కిక్ గేరు కొంటే పళ్లు కలుస్తాయి గానీ స్ప్రింగు దాన్ని పూర్తిగా వెనక్కి లాగదు. ప్యాకింగ్ కాగితంలో స్టడ్ల బెజ్జాలు ఒక పక్క కుదిరితే ఇంకో పక్క కుదరవు. శ్రీకాళహస్తిలో మా ఇంటి వసారాలో మా నాయన చేతక్ ఇంజను ఇప్పుడు పళ్లేల్లో విడివిడిగా ఉంది. దాన్ని కడుతున్నంతసేపూ నన్ను వదలని ప్రశ్న ఒకటే. రెండు ముక్కలు కుదరనప్పుడు దేన్ని అరగదీయాలి?

చేతక్‌ను బజాజ్ కంపెనీ 1972లో తెచ్చింది. పేరు రాణా ప్రతాప్ గుర్రానిది, ఒడ్డూ పొడుగూ ఇటలీ వెస్పాది. ముప్పై ఏళ్లకు పైగా తయారైంది. టూ స్ట్రోక్ ఇంజను లెక్క అందరికీ తెలిసిందే: 57 మిల్లీమీటర్ల బోరు, అంతే స్ట్రోకు, 145 సీసీ. కానీ ఆ ముప్పై ఏళ్లలో లోపల మారినవి చాలా ఉన్నాయి. ప్లాటినం పాయింట్లున్న పాత బండి మ్యాగ్నెట్టూ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చాక తయారైన బండి మ్యాగ్నెట్టూ ఒకటి కావు. షాపులో మాత్రం రెండింటికీ ఒకటే పేరు. 2020 నుంచి అదే పేరుతో కరెంటు స్కూటరు కూడా రోడ్డు మీదికి వచ్చింది కాబట్టి, చేతక్ పిస్టను కావాలంటే కౌంటరు దగ్గర కుర్రాడు ఒక్క క్షణం మన ముఖం చూస్తాడు.

బండి తయారీ ఆగిపోయాక సామాను చిన్న చిన్న కార్ఖానాల చేతుల్లోకి పోయింది. అక్కడ కంపెనీ డ్రాయింగు ఉండకపోవచ్చు. ఒక నమూనా ముక్క తెచ్చి, కొలిచి, దాన్నిబట్టి అచ్చు చేస్తారు. ఆ నమూనా ఏ బండిలోనో ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిందైతే, దాని అరుగుదల కూడా కొత్త సామానులోకి ఎక్కుతుంది. నాసిరకం అని తిట్టి ఊరుకోవడం కంటే ఇది అర్థం చేసుకోవడం మనకు పనికొస్తుంది. ముక్క ఎక్కడ తప్పి ఉంటుందో ముందే ఊహించవచ్చు: అరిగే చోటే.

పిస్టను విషయంలో జవాబు తేలిక. బ్లాకునే పిస్టనుకు తగ్గట్టు బోరు చేయించాలి. అందుకే ముందు పిస్టను కొని, దాన్ని చేత్తో పట్టుకుని లేత్ షాపుకు పోవాలి. పెట్టె మీది ఓవర్ సైజు అంకె చూసి బోరు వేయమంటే పని చెడుతుంది. ఒకే అంకె వేసిన రెండు పిస్టన్లు మైక్రోమీటరు కింద పెడితే ఒకే కొలత చూపకపోవడం నేను కళ్లారా చూశాను. తిరుపతిలో నేను నమ్మే బోరింగ్ పెద్దాయన పిస్టను అడుగు అంచుకు కాస్త పైన, పిన్నుకు అడ్డంగా కొలిచి, ఆ కొలతకు సందు కలిపి బోరు వేస్తాడు. ఆ సందు ఎందుకో లెక్క వేసుకుంటే తెలుస్తుంది. పిస్టను అల్యూమినియం, బ్లాకు పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. 57 మిల్లీమీటర్ల పిస్టను 150 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.2 మిల్లీమీటర్లు లావవుతుంది. బ్లాకు అదే వేడికి అందులో సగమే సాగుతుంది, పైగా ఫ్యాను గాలి తగిలి పిస్టనంత వేడెక్కదు. సందు చాలకపోతే ఏర్పేడు దాటకముందే ఇంజను పట్టేస్తుంది.

పోత ఇనుము మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. మన పక్కనే రాచగున్నేరిలో డక్టైల్ ఇనుప పైపులు పోస్తారు. అందులో మెగ్నీషియం కలపడం వల్ల ఇనుములోని గ్రాఫైటు గుండ్రటి పూసల్లా ఏర్పడి, పైపు పగలకుండా తట్టుకుంటుంది. స్కూటరు బ్లాకుకు వాడే బూడిదరంగు పోత ఇనుములో గ్రాఫైటు పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరల దగ్గర నూనె నిలుస్తుంది, రింగు జారుతుంది. ఇదీ ఇనుమే, అదీ ఇనుమే. కానీ ఒక పనికి పోసింది ఇంకో పనికి రాదు. స్పేర్ల షాపులో నాకు తరచూ గుర్తొచ్చేది ఈ తేడానే.

రింగుల దగ్గర మాత్రం ఆకురాయి వాడొచ్చు, వాడాలి కూడా. రింగును ఒంటరిగా బోరులో పెట్టి, పిస్టనుతో నిటారుగా కిందికి నెట్టి, కొసల మధ్య సందును ఫీలర్ గేజితో చూడాలి. ఈ సైజు బోరుకు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల దాకా ఉండాలి. తక్కువైతే వేడికి కొసలు కలిసి రింగు విరుగుతుంది కాబట్టి, కొసను కొంచెం కొంచెంగా రాయాలి. బోరు వేశాక బ్లాకులోని పోర్టుల అంచులు కత్తిలా ఉంటాయి. వాటిని కూడా నున్నగా రాయకపోతే రింగు వాటికి తగులుకుంటుంది. ఇన్ని పనుల్లో ఎక్కువసార్లు మరిచిపోయేది ఇదే.

ఆయిల్ సీళ్ల విషయంలో ఆకురాయితో రాయడానికి ఏమీ లేదు, మంచివి కొనడమే. క్లచ్ వైపు సీలు వదులైతే ఇంజను గేరు ఆయిలు తాగి బజారంతా తెల్ల పొగ కమ్మిస్తుంది. మ్యాగ్నెట్టు వైపుది వదులైతే పొగ కూడా రాదు. గాలి లోపలికి చొరబడి, పెట్రోలు పాలు తగ్గి, ఇంజను ఊరికే వేడెక్కుతుంది. ఒకరోజు ఎండలో పిస్టను కరిచేస్తుంది. క్లచ్ వైపు సీలు మార్చాలంటే ఇంజను దింపాలి, విప్పాలి. ఇంత పని పెట్టే చోట చవక బేరం చేయడం నాకు మనసొప్పదు.

అసలు బాధ క్రాంకు దగ్గర. ఈ ఇంజనులో పెట్రోలు గాలిని లోపలికి వదిలేదీ ఆపేదీ క్రాంకు రెక్కే. క్రాంకు తిరిగే చాంబరులో దాని కోసం చెక్కిన ఒక నున్నటి గచ్చు ఉంటుంది. రెక్కకూ గచ్చుకూ మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్క. కొత్త క్రాంకు రెక్క కొంచెం పెద్దదైతే ఆ గచ్చును రాసుకుంటుంది. గతంలో ఒక షాపులో మా ఇంజనుకు అదే జరిగితే, క్రాంకును వాపసు ఇవ్వకుండా గచ్చును గీకేశారు. క్రాంకు తిరిగింది, బండి స్టార్టయింది, డబ్బులు తీసుకున్నారు. నెల తిరగకముందే కార్బురేటరు నోట్లోంచి పెట్రోలు వెనక్కి చిమ్మడం మొదలైంది. క్రాంకు ఇవాళ కాకపోతే రేపు ఇంకొకటి దొరుకుతుంది. మా నాయన బండి ఇంజను నంబరుతో ఉన్న చాంబరు ఇంకొకటి ఎక్కడ దొరుకుతుంది? ఆ గచ్చు మీది గీతలు చూసినప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది.

నా మట్టుకు నేను అప్పటి నుంచి పెట్టుకున్న కట్టుబాటు ఇది: మళ్లీ కొనగలిగే దాని మీదే ఆకురాయి పడాలి. కొత్త వాషరును పలచన చేయొచ్చు, ప్యాకింగు కత్తిరించుకోవచ్చు, రింగు కొస రాయొచ్చు. చాంబరు, గచ్చు, బేరింగు కూర్చునే గూడు, వీటిని ముట్టుకోకూడదు. పై పొరను గట్టిపరచిన గేరు పళ్లను కూడా ముట్టుకోకూడదు. ఆ పొర పోతే లోపలి మెత్తటి ఉక్కు నాలుగు రోజులకే అరుగుతుంది. ఇంజను కట్టడంలో నాకు చేదోడుగా ఉండే మెకానిక్ అన్న ఇంకోటి చెప్తాడు. "సామాను ఎక్కింది గదా అని సంబరపడొద్దు సార్. చేత్తో మెల్లగా తిప్పు. యాడ పట్టుకుంటా ఉందో అదే చెప్తాది." బోల్టు ఒక్కొక్కటి బిగించాక ఒకసారి తిప్పి చూడటం ఆయన పద్ధతి. అన్నీ బిగించాక తిప్పితే పట్టుకున్నది ఏదో తెలియదు.

విప్పేటప్పుడు గుర్తు పెట్టుకోవడం గురించి మా ఊరివాళ్లకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. తిన్నడు, అంటే మన కన్నప్ప, శివుడికి తన ఒక కన్ను పెట్టాక రెండో కంటి నుంచి నెత్తురు కారింది. తన రెండో కన్నూ పెకలిస్తే ఇక చూపుండదు, ఎక్కడ పెట్టాలో తెలియదు. అందుకే ముందుగా ఆ చోటు మీద కాలు మోపి, అప్పుడు బాణం ఎత్తాడు. ధూర్జటి చెప్పిన కథ, కన్నప్ప కొండ కింద పుట్టిన పిల్లలంతా విన్న కథ. భక్తి ఎంత ఉందో చోటు తప్పకూడదన్న జాగ్రత్త కూడా అంతే ఉంది అందులో. నేను వాషర్లను తీసిన వరసలోనే తీగకు గుచ్చుతాను, ఏ వైపు ఏది ఉందో చాంబరు మీద సుద్దతో గీస్తాను.

చాలామంది మెకానిక్కులు గీకేది అజ్ఞానంతో కాదు. సాయంత్రానికి బండి కావాలని మనం గుమ్మంలో నిలబడతాం. వాపసు ఇస్తే షాపువాడు తీసుకోడు. రెండోసారి సామాను తెచ్చే బస్సు చార్జీ ఎవరిస్తారు? ఆ ఖర్చు మనం ఇవ్వడానికి సిద్ధపడితే ఆకురాయి చాలాసార్లు డబ్బాలోనే ఉంటుంది. చెన్నై మనకు వంద కిలోమీటర్ల పైచిలుకు. కొత్త సామానుకు జీపీ రోడ్డు, పాత బండ్లు విప్పి అమ్మే సామానుకు పుదుపేట. అరుగుదల తక్కువగా ఉన్న పాత కంపెనీ క్రాంకు దొరికితే మెరిసే కొత్తదాని కంటే దానికే నేను ఎక్కువ డబ్బులిస్తాను. వెర్నియరు జేబులో పెట్టుకుని, కౌంటరు మీదే కొలిచి, కుదరకపోతే అక్కడే వదిలేసి వస్తాను. మొహమాటం పనికిరాదు.

ఇంజను కట్టాక మొదటి ఐదు వందల కిలోమీటర్లు నలభై దాటించవద్దు, వెనక మనిషిని ఎక్కించవద్దు, పెట్రోలులో ఆయిలు రోజువారీ కంటే కాస్త ఎక్కువ కలపండి. మొదటి వంద కిలోమీటర్లకే హెడ్డు నట్లు మళ్లీ చూడాలి, అదీ ఇంజను పూర్తిగా చల్లారాక. ప్లగ్గు విప్పితే కొస ఇటుక పొడి రంగులో ఉంటే సరే. తెల్లగా ఉంటే మ్యాగ్నెట్టు వైపు సీలును అనుమానించండి.