అమ్మమ్మకు తమిళం, మనవడికి తెలుగు

1806లో కంటోన్మెంట్‌గా మొదలైన సికింద్రాబాద్‌లో తెలుగు, తమిళం, ఉర్దూ ఒకే వీధిలో వినిపిస్తాయి. మారేడుపల్లి ఇళ్లలో సినిమా పెట్టినా అంతే: అమ్మమ్మకు తమిళం కావాలి, మనవడికి తెలుగు. ఒకే ఎంకేవీ వీడియో ఫైల్లో రెండు భాషల ఆడియో ట్రాకులూ ఉంటే, టెర్మినల్లో ఒక్క వరుసతో కావలసిన గొంతు పలికించేవాళ్లంటే నాకు గౌరవం.

ఎంపీవీ ప్లేయర్లో ‘ఏలాంగ్’ ఆప్షన్‌కు టీఈఎల్, టీఏఎమ్ అనే భాషా కోడ్‌లు కామాతో ఇస్తే, తెలుగు ఉంటే తెలుగు, లేకుంటే తమిళం. చక్కని వరస. కానీ ఫైలు చేసినవాళ్లు ట్రాకుకు భాష పేరు రాయకపోతే (బద్ధకస్తులు చాలామందే) ఈ ఎత్తు పారదు. అప్పుడు ఏ ట్రాకు ఏ భాషో విని, ‘ఏఐడీ’తో సంఖ్య చెప్పాలి. అదీ తిరకాసే: ఎంపీవీ ట్రాకులను 1 నుంచి లెక్కిస్తుంది, వీఎల్‌సీలో ‘ఆడియో ట్రాక్’ ఆప్షన్ 0 నుంచి. ఈ తేడా వేళ్లకు తెలిసినవాడే పనివాడు.

ఇంకా నేర్పరులు ఎంపీవీ సెట్టింగుల ఫైల్లో అమ్మమ్మకొక ప్రొఫైలు, మనవడికొకటి రాసిపెడతారు. ఆ తర్వాత ఆప్షన్లతో పనిలేదు, ప్రొఫైలు పేరు చెబితే చాలు.